మేడిపండు విప్పి చూడండి

దత్త జయంతి నాడు ఒక గ్రామ దేవాలయంలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, గుడి కమిటీవారికి, పొద్దున్నుంచి పొయ్యిల దగ్గర పొగలో నిలబడి పులిహోర కలుపుతున్న ఆడవాళ్లకు, మైకు సరిచేసిన అబ్బాయికి, అదిగో అక్కడ ఇంకా చెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్న అమ్మలకు (మీరు ఆగనక్కర్లేదు తల్లీ, తిరుగుతూనే వినండి), పేరుపేరునా నమస్కారం. నన్ను పిలిచినప్పుడు అరగంట మాట్లాడమన్నారు. ఇందాక ఒకాయన వచ్చి, భోజనాలకు ఆలస్యమవుతుంది, కొంచెం త్వరగా ముగించమన్నారు. ముగిస్తాను. కానీ నేను చెప్పి తీరాల్సిన మాట ఒకటుంది, అది చెప్పకుండా మాత్రం ఈ మైకు వదలను.

నాకిచ్చిన అంశం "ప్రకృతిలో భగవంతుడు". కాగితం మీద పాయింట్లు రాసుకొచ్చాను. సూర్యుడు, చంద్రుడు, గోదావరి, ఋతువులు, ఇలా వరసగా. ఇక్కడికొచ్చి కూర్చుని తల పైకెత్తి చూశాక ఆ కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. మన నెత్తి మీద మేడిచెట్టు ఉంది. మొదలు నుంచి కొమ్మల దాకా గుత్తులు గుత్తులుగా కాయలున్నాయి. ఇది ఇక్కడ ఉండగా నేను సూర్యచంద్రుల దాకా వెళ్లడం దేనికి?

నా మాట సూటిగా చెప్పేస్తాను. దేవుడు ఈ ప్రపంచాన్ని ఎప్పుడో చేసి పెట్టి పక్కకు తప్పుకున్నాడు, మనం గుడికొచ్చి గంట కొడితే అప్పుడు వచ్చి వింటాడు, అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. పైకి అనకపోయినా లోపల అలాగే అనుకుంటాం. నేను అలా అనుకోను. ఆయన ఇప్పుడు పనిలో ఉన్నాడు. ఈ నిమిషాన, నేను మాట్లాడుతుండగా, మీరు వింటుండగా. ఎక్కడని అడిగితే వేలు పెట్టి చూపిస్తాను. ఆ కొమ్మ మీద, ఆ కాయ లోపల.

ఇవాళ దత్త జయంతి కాబట్టి ముందు స్వామి మాట చెప్పుకుందాం. ఆ పటం చూడండి. వెనకాల ఆవు, పాదాల దగ్గర నాలుగు కుక్కలు, పైన ఔదుంబర వృక్షం, అంటే ఈ మేడే. మన పిఠాపురంలో శ్రీపాద శ్రీవల్లభులుగా అవతరించాడని మనం కొలిచే స్వామి ఈయనే. ఈ దత్తస్వామే అవధూతగా తిరుగుతూ యదు మహారాజుకు తన గురువుల గురించి చెప్పిన కథ మీకందరికీ తెలిసిందే. 24 మంది గురువులు. వాళ్లలో మనుషులెందరో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఐదుగురే. తేనె తీసేవాడు, పింగళ అనే వేశ్య, చిన్నపిల్లవాడు, ఒక కన్య, బాణాలు చేసేవాడు. మిగిలినవన్నీ భూమి, గాలి, ఆకాశం, నీరు, నిప్పు, సముద్రం, పావురం, కొండచిలువ, శలభం, జింక, చేప, పాము, సాలెపురుగు... చిట్టచివరి గురువు ఎవరో తెలుసా అండీ? కందిరీగ. గోడకు మట్టిగూడు కట్టుకునే కందిరీగ. అది కనబడగానే మనం చీపురు తీసుకుంటాం, ఆయన నమస్కారం పెట్టాడు.

నేను ఉద్యోగమంతా ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. అందుకని నా భక్తి కొంచెం ఆకులూ పురుగుల వైపు మొగ్గుతుంది, అర్థం చేసుకోండి. మేడిపండు అనగానే మన తెలుగువాళ్లందరికీ చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న పద్యమే గుర్తొస్తుంది. పైకి నిగనిగ, పొట్ట విప్పితే పురుగులు. పిరికివాడికి, లోపల ఒకటి పైకొకటి ఉన్నవాడికి పోలికగా మేడిపండును వాడేసుకున్నాం. ఆ నీతి మంచిదే, దానితో నాకు పేచీ లేదు. కానీ ఆ పద్యం నేర్చుకున్నాక మనం ఆ పురుగుల వైపు మళ్లీ చూడటం మానేశాం. ఛీ అనుకుని పారేశాం. నేను మిమ్మల్ని అడిగేది ఆ పురుగుల్ని చూడమనే.

మేడిచెట్టు పూత మీలో ఎవరైనా చూశారా? ఇక్కడ ఎనభై దాటిన పెద్దవాళ్లున్నారు, చెప్పండి. ఎవరూ చూసి ఉండరు. మామిడి పూస్తుంది, వేప పూస్తుంది, మేడి మాత్రం పూయకుండానే కాస్తుందంటారు. నిజానికి పూస్తుంది, విరగపూస్తుంది. పువ్వులన్నీ కాయ లోపల ఉంటాయి. మనం కాయ అనుకునేది పువ్వుల్ని లోపలికి తిప్పి మూసిన పూలబుట్ట. కంటికి ఆనని పువ్వులు వందలకొద్దీ లోపల కిక్కిరిసి ఉంటాయి. గాలి పోదు, తేనెటీగ దూరదు, సీతాకోకచిలుకకు దారి లేదు. మరి పుప్పొడి ఎలా చేరాలి? గింజ ఎలా కట్టాలి?

కాయ కొసన చిన్న కన్ను ఉంటుంది, మీరు పండు తుడిచి చూస్తే కనబడుతుంది, చిన్నచిన్న పొలుసులు ఒకదాని మీద ఒకటి కప్పి ఉంటాయి. లోపల పువ్వులు సిద్ధమైనప్పుడు చెట్టు ఒక వాసన వదులుతుంది. మన ముక్కుకు పెద్దగా తెలియదు. ఆ వాసన పట్టుకుని ఒక ఆడ పురుగు వస్తుంది. అది కందిరీగల జాతిదే, కానీ కుట్టదు, పొడవు 2 మిల్లీమీటర్లు ఉంటుందేమో, మీ చేతి మీద వాలినా మీకు తెలియదు. ఆ కంట్లోంచి లోపలికి దూరుతుంది. ఎంత ఇరుకంటే, దూరేటప్పుడు దాని రెక్కలు తెగిపోతాయి. మీసాలు కూడా విరిగిపోతాయి. లోపలికి వెళ్లాక ఇక బయటికి వచ్చేది లేదు. అది ఎక్కడి నుంచో, ఇంకో మేడిచెట్టు నుంచి, ఛాతీ కింద పుప్పొడి పెట్టుకుని తెస్తుంది. ఆ పుప్పొడిని పువ్వు పువ్వుకూ అద్దుతుంది. కొన్ని పువ్వుల్లో గుడ్లు పెడుతుంది. అక్కడే చనిపోతుంది.

కొన్ని పువ్వుల్లో అన్నాను, గమనించారా? లోపల పొడుగు కీలం పువ్వులూ పొట్టి కీలం పువ్వులూ ఉంటాయి, కీలమంటే పువ్వులో గింజగది మీదుండే సన్నటి గొట్టం. ఎక్కువగా పొట్టివాటిలో పురుగు పిల్లలు పెరుగుతాయి, పొడుగువాటిలో గింజ కడుతుంది. చెట్టు తన పువ్వుల్లో ఒక వంతు పురుగు బిడ్డలకు ఇచ్చేస్తుంది, మిగతావాటితో తన బిడ్డల్ని చేసుకుంటుంది. పురుగు లేకపోతే చెట్టుకు గింజ లేదు, చెట్టు లేకపోతే పురుగుకు పురుడు పోసుకునే చోటు లేదు. రెండిట్లో ఎవరు ఎవరికి సేవ చేస్తున్నారో చెప్పండి చూద్దాం. నేను ఇన్నేళ్లు పాఠం చెప్పి కూడా తేల్చుకోలేకపోయాను.

ఆగండి, ఇంకా ఉంది. కొన్ని వారాలకు ముందు మగ పురుగులు బయటపడతాయి. వాటికి రెక్కలుండవు, చూపు కూడా లేనట్టే. ఇంకా పువ్వు గదుల్లోనే ఉన్న ఆడవాటితో కలుస్తాయి. తర్వాత ఏం చేస్తాయంటే, మగవన్నీ చేరి కాయ గోడను కొరుకుతాయి. లోపలి నుంచి బయటికి ఒక దారి తొలుస్తాయి. ఆ దారి వాటి కోసం కాదు. రెక్కల్లేని జీవి బయటికెళ్లి ఏం చేస్తుంది? దారి చేసి అవి చచ్చిపోతాయి. ఆ దారిలోంచి ఆడ పురుగులు, పుప్పొడి సర్దుకుని, ఎగిరిపోతాయి. అవి బతికేది ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. ఆ కాస్త గడువులో ఇంకో మేడిచెట్టును, అదీ సరిగ్గా లోపల పువ్వులు సిద్ధంగా ఉన్న చెట్టును, వెతికి పట్టుకోవాలి. ఇవి వెళ్లిపోయాకే కాయ ఎర్రబడుతుంది, మెత్తబడుతుంది, తియ్యబడుతుంది. అంటే ఆ పురుగులు ప్రయాణమయ్యేదాకా చెట్టు పండును పిట్టలకు పెట్టదన్నమాట. ముందే పండితే కోయిల తినేస్తుంది, పురుగు పిల్లలు పోతాయి. ఎవరు ఆపారు దాన్ని? ఎవరు చెప్పారు, ఇప్పుడే వద్దు, లోపల ఇంకా బిడ్డలున్నారు అని?

తర్వాత ఇక చూడాలి ఈ చెట్టును. పగలు కోయిలలు, గోరింకలు, కంసాలి పిట్టలు, ఉడతలు. రాత్రి గబ్బిలాలు. వేరే చెట్లకు కాయలేని రోజుల్లో కూడా ఏదో ఒక మేడిచెట్టుకు, మర్రిచెట్టుకు, రావిచెట్టుకు కాయ ఉంటుంది. ఒకే చెట్టు మీద కాయలన్నీ కలిసి పండినా, ఊళ్లో ఈ మేడి ఇప్పుడు కాస్తే కాలవ గట్టు మీది మేడి ఇంకో నెలకు కాస్తుంది. అలా కాయకపోతే రెండు రోజులు బతికే ఆ పురుగుకు గతి లేదు.

మా క్లాసులో జరిగింది చెబుతాను. నేను ప్రతి బ్యాచ్‌కూ మేడికాయలు తెచ్చి బ్లేడుతో కోసి చూపించేదాన్ని. సిలబస్‌లో లేకపోయినా సరే. ఒకసారి కాయ కోయగానే లోపల తయారైపోయి ఉన్న పురుగులు బిలబిలమని బల్ల మీదికొచ్చాయి. ముందు బెంచీలో ఆడపిల్లలు కెవ్వుమని లేచిపోయారు. వెనక బెంచీలో ఒక అబ్బాయి, వాళ్ల నాన్న కొబ్బరి దింపు తీసేవాడు, ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడు, మెల్లగా ముందుకొచ్చి భూతద్దం అడిగి తీసుకుని బల్ల మీదికి వంగాడు. గంట కొట్టారు. వాడు లేవలేదు. తర్వాతి క్లాసు లెక్చరర్ వచ్చి నిలబడ్డా లేవలేదు. ఒక ఆడ పురుగు కాయ అంచు మీద నిలబడి ముందుకాళ్లతో మీసాలు తుడుచుకుంటోంది. ఒక మీసం, మళ్లీ ఇంకోటి. రెక్కలు ఒకదాని మీద ఒకటి అంటుకుని ఉంటే కాళ్లతో దువ్వి విడదీసుకుంది. అప్పుడు ఎగిరింది. కిటికీలోంచి వెళ్లిపోయింది. ఆ అబ్బాయి నా వైపు తిరిగి, "మేడం, దానికి దారి ఎవరు చెప్పారండీ?" అన్నాడు. నేను వాసన గురించి, మీసాల మీద వాసన పట్టే నాడుల గురించి చెప్పాను. విన్నాడు. విని, "అది సరేనండీ, దారి ఎవరు చెప్పారు?" అని మళ్లీ అడిగాడు. వాడికి నా జవాబు అర్థం కాక అడగలేదు. అర్థమయ్యే అడిగాడు.

ఆఫ్రికాలో నమీబియా అనే దేశం ఉంది, పెద్ద ఎడారి. అక్కడ ఎండిపోయిన ఏటి ఒడ్డున మన మేడికి అక్కచెల్లెలు లాంటి అత్తిచెట్లు దూరదూరంగా ఉంటాయి. ఈ పురుగులు పుప్పొడిని ఎంత దూరం మోస్తున్నాయో జన్యు పరీక్షలతో లెక్కకట్టి 2009లో ప్రచురించారు. 160 కిలోమీటర్ల దాకా తేలింది. 2 మిల్లీమీటర్ల ప్రాణి, రెండు రోజుల ఆయుష్షు, ఎడారి గాలి. మన కోనసీమ నుంచి విశాఖపట్నం వెళ్లినంత దూరమండీ! మన బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు సాక్షాత్తు ఈ మేడిచెట్టు మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు, దాని వాసనల మీద, దాని పురుగుల మీద, దాని మీద తిరిగే ఎర్రచీమల మీద. మనం పసుపు కుంకుమ పెట్టి వెళ్లిపోతున్న చెట్టు దగ్గర వాళ్లు రాత్రీ పగలూ కాపలా కాసినట్టు కూర్చున్నారు. ఎవరిది తపస్సు?

మొన్న మా అక్క కొడుకు, సాఫ్ట్‌వేర్ అబ్బాయి, ఫోన్లో అన్నాడు. "పిన్నీ, ఇదంతా పరిణామం. 7 కోట్ల ఏళ్లకు పైగా చెట్టూ పురుగూ ఒకదానికొకటి అలవాటుపడుతూ వచ్చాయి. మధ్యలో దేవుడెందుకు?" నేను వాడితో పోట్లాడలేదు. పరిణామం నేను పిల్లలకు చెప్పిన పాఠమే, ఇప్పటికీ నమ్ముతాను, ఇక్కడ పూజారిగారి ముందు కూడా నమ్ముతానని చెబుతున్నాను. కానీ ఎలా జరిగిందో తెలిసింది కాబట్టి జరిపించేవాడు లేడంటే నాకు ఎక్కదు. అన్ని కోట్ల ఏళ్లు ఒక్క తరం కూడా తెగకుండా, రెండు రోజులు బతికే ప్రాణి చేతిలో ఈ మహావృక్షాన్ని పెట్టి, నడిపించుకుంటూ వచ్చిన ఆ ఓర్పునే నేను భగవంతుడంటాను. సృష్టి అంటే ఏనాడో అయిపోయిన పని కాదు. ఇవాళ ఆ పురుగు దారి తప్పితే రేపు గింజ లేదు. అందుకే రోజూ చేయాల్సిన పని అది, రోజూ చేస్తున్నాడు.

ఇంకో ప్రశ్న ఉంది, అది దీనికంటే కష్టమైనది. ప్రకృతిలో దేవుడుంటే తుపానులో కూడా ఉన్నాడా అని. మన కోనసీమవాళ్లను ఎవరూ ఈ ప్రశ్న అడగనక్కర్లేదు, మనల్ని మనమే ప్రశ్నించుకున్నాం. 1996 నవంబర్ 6. ఆ రాత్రి గాలి ఎలా అరిచిందో ఇక్కడున్న సగంమందికి గుర్తుంది. వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు నేలమట్టం. మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ల దగ్గరికెళ్లి ఇది కూడా స్వామి లీల అని నేను అనలేను, అనను. అలా అన్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. నేను చూసింది మాత్రం చెబుతాను. కొబ్బరిచెట్టుకు మొవ్వు ఒక్కటే. అది విరిగితే చెట్టు పోయినట్టే. మేడికీ రావికీ అలా కాదు, ఎక్కడ విరిగితే అక్కడి నుంచి వేస్తాయి. మా వీధి చివర మేడిచెట్టు కొమ్మలన్నీ ఊడిపోయి మొండిగా నిలబడింది. కొన్నాళ్లకు ఆ మొద్దు నిండా ఎర్రటి చిగుళ్లు. ఊళ్లో ఇంకా రేకులు కప్పుకోని ఇళ్లున్నాయి అప్పటికి. అటు కోరింగ వైపు మడ అడవి అడ్డుగా ఉన్నచోట నష్టం తక్కువ జరిగిందని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. గాలి ఎందుకొచ్చిందో నాకు తెలియదు. గాలికి అడ్డం నిలబడిన చెట్టులో ఎవరున్నారో మాత్రం నాకు తెలుసు. అది నరికి రొయ్యల చెరువులు వేసుకున్నది మనం.

సరే, ఇప్పుడు నేను వదలనన్న మాట. మన జిల్లాలోనే ఒక ఊరు, ఒక గుడి, పేరు చెప్పను. ఆ గుడి ఆవరణలో ఇంతకంటే పెద్ద మేడిచెట్టు ఉండేది. మా అత్తగారు ఆ చెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేసేవారు, పండు కాలికింద పడకుండా ఒంగి ఏరి పక్కన పెడుతూ తిరిగేవారు. నడుం నొప్పి ఉన్న మనిషి. ఎందుకత్తయ్యా అంటే, "దాని లోపల ప్రాణాలున్నాయే" అనేవారు. ఆవిడ బడికెళ్లి చదువుకోలేదు. నాకు కాలేజీలో పుస్తకం చెప్పిన సంగతి ఆవిడకు ఎవరు చెప్పారో. ఆ గుడికి ఒక దాత నేలంతా గ్రానైట్ పరిపించారు. మంచి ఉద్దేశమే. చెట్టు మొదలు చుట్టూ కూడా, మాను తగిలేలా, చుక్క నీరు దిగకుండా పరిపించారు. పళ్లు రాలి రాయి మరకలు పడుతోందన్నారు. ఎవరో జారిపడ్డారన్నారు. పురుగులొస్తున్నాయని మందు కొట్టించారు. ఆఖరికి ఒక మాఘమాసంలో చెట్టు కొట్టించేశారు.

నాకు కబురు తెలిసి వెళ్లేసరికి కొమ్మలు ట్రాక్టర్‌లోకి ఎక్కిస్తున్నారు. కొమ్మల నిండా పచ్చి కాయలు. ఒకటి తుంచి విప్పి చూశాను. పువ్వు గదుల్లో పిల్లలు తెల్లగా, ఇంకా కళ్లు కూడా ఏర్పడకుండా ఉన్నాయి. ట్రాక్టర్ నిండా అవే. కమిటీ ఆయన్ని అడిగాను. "ఏం పర్లేదు మేడం, ఇంకో మొక్క కుండీలో పెడతాం" అన్నారు. మొదలు ఉన్నచోట పలక పరిచి దాని మీద దత్తాత్రేయుడి పాలరాతి విగ్రహం పెట్టారు. వెనక గోడకు మేడిచెట్టు బొమ్మ వేయించారు. పెయింటుతో.

నేను ఎవరినీ తిట్టడానికి చెప్పట్లేదు. వాళ్లూ భక్తులే. నాకంటే నిష్ఠగా పూజ చేసేవాళ్లు. కానీ అమ్మా, అయ్యా, ఒక్క క్షణం ఆలోచించండి. స్వామి నివాసం ఈ చెట్టు అని మనమే అంటాం. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక నరసింహస్వామి గోళ్లు మంటపుడితే లక్ష్మీదేవి మేడిపళ్లు తెచ్చి ఇచ్చిందని, అందులో గోళ్లు గుచ్చితే చల్లబడ్డాయని మనమే కథలు చెప్పుకుంటాం. ఆ పళ్లు రాలితే మాత్రం అశుభ్రమంటాం. స్వామి ఇక్కడ పని చేసుకుంటుంటే ఆయన్ని లేపి, పని ఆపించి, రాయి మీద కూర్చోబెట్టి హారతి ఇచ్చాం. ఇది నన్ను నిద్రపోనివ్వదు. అప్పుడు నిద్రపోనివ్వలేదు, ఇప్పుడూ అంతే.

చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని 2002లో వచ్చిన వాల్టా చట్టంలో, అంటే నీరు, భూమి, చెట్ల చట్టంలో, ఉంది. అడిగారా అంటే గుడి చెట్టుకు అనుమతేంటన్నారు. పోనీ చట్టం సంగతి వదిలేద్దాం. ఒక చెట్టు పోతే ఒక చెట్టే పోదని ఇందాక మీకు చెప్పాను. ఆ చెట్టు పురుగుల కోసం చుట్టుపక్కల మేడిచెట్లన్నీ వాసన వదిలి ఎదురుచూస్తుంటాయి. ఈ చెట్టు కూడా వాటిల్లో ఒకటి కావచ్చు. పుప్పొడి రాకపోతే పిందె పండదు, రాలిపోతుంది. పైకి మనకు ఏం తెలుస్తుంది? ఈసారి కాపు తగ్గింది అనుకుంటాం.

ఇప్పుడు ఈ చెట్టు మొదలు చూడండి. ప్రదక్షిణ చేస్తున్న అమ్మలు ఒక్క నిమిషం జరగండి తల్లీ, అందరికీ కనబడాలి. సిమెంటు అరుగు మాను దాకా వచ్చేసింది. ఆ పక్క బెరడు ఉబ్బి సిమెంటు మీదికి ఎక్కుతోంది చూశారా, ఊపిరాడక. మేకులు కొట్టి సీరియల్ లైట్లు కట్టారు. ఈ పక్క కర్పూరం పెట్టి పెట్టి బెరడు మాడి నల్లబడింది. ఇవన్నీ ప్రేమతో చేసినవే అని నాకు తెలుసు. ప్రెసిడెంటుగారూ, మీరు ఇక్కడే కూర్చున్నారు, మీ ఎదుటే అడుగుతున్నాను. మాను చుట్టూ ఒక బారెడు మేర ఆ సిమెంటు పగలగొట్టించండి. ఖర్చు నేను పెట్టుకుంటాను, కూలీని కూడా నేనే చూస్తాను. నీళ్లు దిగాలి. మేడి ఉన్నచోట నీళ్లుంటాయని బావి తవ్వేవాళ్లు వెతుక్కునేవారు, అలాంటి చెట్టుకే మనం నీళ్లు ఆపేశాం. కర్పూరం ఎదురుగా పళ్లెంలో వెలిగించుకుందాం, మాను ఆనించి వద్దు. లైట్లు పండగ అయ్యాక విప్పేద్దాం, ఆ మేకులు పీకేద్దాం, రాత్రంతా వెలుగు ఉంటే గబ్బిలాలు రావు, అవి రాకపోతే గింజ ఊరు దాటదు. మందు మాత్రం కొట్టొద్దు. దయచేసి. కాళ్లు పట్టుకుని అడగమన్నా అడుగుతాను. రాలిన పళ్లు తొక్కుతున్నామనే బెంగ ఉంటే పొద్దున్నే ఇద్దరు పిల్లలు ఒక గంప తీసుకుని ఏరి కాలవ గట్టున పోస్తే సరి, చేపలూ తింటాయి, పిట్టలూ తింటాయి, మొక్కలూ లేస్తాయి.

ప్రెసిడెంటుగారు తల ఊపుతున్నారు. అందరూ చూశారు కదా, సాక్ష్యం మీరే.

ఇంకొకటి. పోయిన ఆ చెట్టుకు బదులు కాలవ గట్టు మీద రెండు మేడిమొక్కలు వేద్దామని నా కోరిక. ఇంటి గోడల దగ్గర వద్దు, వేర్లు గోడలు చీలుస్తాయి, తర్వాత మళ్లీ గొడ్డలి తెస్తారు. పంచాయతీ స్థలం ఉంది అక్కడ. మొక్కలు నా దగ్గర తయారుగా ఉన్నాయి, కవర్లలో నడుం ఎత్తు పెరిగాయి. నీళ్లు పోసేవాళ్లు కావాలి. ఎవరైనా యువకులు పేరిస్తే భోజనాల దగ్గర రాసుకుంటాను. ఒక ఎండాకాలం గట్టెక్కిస్తే చాలు, తర్వాత దాన్ని మనం చూడక్కర్లేదు.

వంటల దగ్గర నుంచి సైగలు చేస్తున్నారు. అయిపోయింది తల్లీ. పిల్లలూ, మీరు ఇటు రండి. ఆ కింది గుత్తిలో పసుపు తిరిగిన కాయలు నాలుగు కోసి పెట్టాను, లోపల తయారై ఉంటాయి. భూతద్దాలు రెండే తెచ్చాను, తోసుకోకండి, చిన్నవాళ్లు ముందు. కాయ కోశాక ఎవరూ ఊదకూడదు, అరవకూడదు. కుట్టవు. పెద్దవాళ్లలో కూడా చూడాలని ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా వరసలో నిలబడండి, పూజారిగారూ, మీరు కూడా రండి.